రాయికి ఎక్కని నవ్వు

మొన్న వేసవిలో, బంగినపల్లి కాయ వెనకబడి రసాలు బజారును ముంచెత్తుతున్న రోజుల్లో, చాట్రాయి నుంచి మా చిన్నత్తయ్య ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ చేయడమే ఒక వింత. ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, ఫోన్‌ను నోటికి దూరంగా పట్టుకుని మనం ఊరవతల ఉన్నట్టు అరుస్తుంది. "అమ్మాయీ, ఒకసారి వచ్చిపోవే. నిన్నొకటి అడగాలి" అంది. అదేదో ఇప్పుడే అడగండి అన్నాను. "ఫోన్లో అడిగేది కాదు. ఆవిడ ముందు కూర్చుని అడగాలి" అని పెట్టేసింది. ఆవిడ అంటే మా పూర్ణత్తయ్య, నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు, మామయ్యకు మొదటి భార్య. చిన్నత్తయ్య రెండో భార్యగా ఆ ఇంట్లో కాలు పెట్టక ముందే పూర్ణత్తయ్య పోయింది. ఇప్పుడామె ఉన్నది చాట్రాయి ఇంటి గోడమీద, అద్దం చట్రంలో, రాతి అచ్చుతో దింపిన ఒక బొమ్మగా. ఆ బొమ్మ ఎలా తయారైందో తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానని నా నమ్మకం. అందుకే ఫోన్ పెట్టేశాక ఆ రాత్రే సంచీ సర్దుకున్నాను.

మర్నాడు నూజివీడు బస్టాండులో చాట్రాయి బస్సెక్కాను. బస్సు నిండా యూనివర్సిటీ పిల్లలు. సెలవులకు ఇళ్ళకు పోతున్నారు కాబోలు, ఫోన్లు పైకెత్తి, ముఖాలు ఒకదాని పక్కన ఒకటి ఇరికించి, ఊరు దాటేలోపు ఎన్ని ఫోటోలు తీసుకున్నారో వాళ్ళకే తెలియదు. పక్క సీటు పిల్ల నన్ను కూడా కలిపేసుకుని "మామ్మగారూ, నవ్వండి!" అంది. నేను నోరు బిగించుకునే ఉన్నాను. "మామ్మగారికి కోపమొచ్చినట్టుందే" అని వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కోపమేం లేదు. నోరు తెరిచి నవ్వడం నా పదో ఏటే పోయింది, అంతే. ఊరు దాటాక రెండువైపులా తోటలు మొదలయ్యాయి. కాయ కోసి గుట్టలు పోసిన చోట్ల నుంచి సొన వాసన కిటికీలోంచి కొట్టింది. ఆ వాసన తగిలితే నాకు వయసు, సంవత్సరం ఏవీ గుర్తుండవు, తిన్నగా మా కొట్టులోకి వెళ్ళిపడతాను.

మా నాన్నది మామిడికాయల వ్యాపారం. ముందు ఇల్లు, వెనక కొట్టు, మధ్యలో నాపరాళ్ళు పరిచిన దొడ్డి. కొట్టులో వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగబెట్టేవారు. వేసవంతా మా బట్టలకు, పుస్తకాలకు, చివరికి మంచినీళ్ళకు కూడా ఆ వాసనే. నాయనమ్మ తెల్లవారుతూనే కొట్టులోకి వెళ్ళి, గడ్డిలో చెయ్యి పెట్టి చూసి, ఏ వరుస ఆ పూట తీయాలో నాన్నకు చెప్పేది. ఆ పని కాగానే కొబ్బరినూనె గిన్నె పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా సరే ఆవిడ మోకాళ్ళ మధ్య కూర్చుని తల అప్పగించాల్సిందే. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నూనె జిడ్డే. తలుపు గడియ మీద, తులసికోట మీద, నా బళ్ళో పుస్తకాల అట్టల మీద ఆ జిడ్డు వేలిముద్రలు ఉండేవి. అమ్మ విసుక్కునేది కానీ పైకి అనేది కాదు.

నాన్న తమ్ముడు, మా బాబాయి, కొట్టులో కుదురుగా కూర్చునే రకం కాదు. బొమ్మలు వేస్తానని బెజవాడ పోయి ఒక లితో ప్రెస్సులో, అంటే రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసేచోట, చేరాడు. పళ్ళ బుట్టలకు, సోడాలకు, సాంబ్రాణి పొట్లాలకు అతికించే లేబుళ్ళు అక్కడ అచ్చయ్యేవి. ఆ ప్రెస్సువాళ్ళు కొత్త మిషన్లు తెచ్చుకున్నప్పుడు పాత చేతి ప్రెస్సునూ నాలుగైదు రాళ్ళనూ బండికెత్తించుకుని ఇంటికొచ్చేశాడు. కొట్టులో ఒక మూల గడ్డి ఎత్తించి అక్కడ పెట్టాడు. నూనె, నీళ్ళు కలవవు కదా, ఆ ఒక్క విషయం మీదే ఆ అచ్చంతా నడుస్తుంది. నున్నగా అరగదీసిన రాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, తడిపి, రోలరు తిప్పితే జిడ్డున్న చోట రంగు పట్టుకుంటుంది, తడి ఉన్నచోట జారిపోతుంది. ఆ రాయి మీద ఉత్త చెయ్యి వేస్తే మాత్రం బాబాయికి ఒళ్ళు మండిపోయేది. "రాయి ముట్టుకున్నావో తొక్క తీస్తాను! నీ వేలి జిడ్డు చాలు, మామిడిపండు పక్కన నీ వేలిముద్ర కూడా అచ్చయి ఢిల్లీ దాకా పోతుంది" అనేవాడు. అలా పోతే బాగుండునని నాకు లోపల్లోపల ఉండేది.

రాయి మీద ఏది గీసినా అచ్చులో కుడిఎడమలు తిరగబడి వస్తుంది. అంచేత రాతిపనివాళ్ళు తిరగేసి గీయడం నేర్చుకుంటారు, లేదంటే బంక పూసిన ఒక రకం పల్చటి కాగితం మీద మామూలుగా గీసి, దాన్ని రాయి మీద బోర్లా వేసి నొక్కుతారు. పైనుంచి తడిపితే బంక కరిగి కాగితం ఊడి వస్తుంది, బొమ్మ రాయికి ఎక్కుతుంది. బెజవాడలో ఉన్నన్నాళ్ళూ బాబాయి చెల్లెలికి ఉత్తరాలు రాసింది ఆ కాగితం ముక్కల మీదే, ఆ జిడ్డు సిరాతోనే. పెద్ద ఆలోచనేం లేదు, చేతికి అందేవి అవి, అంతే. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. అద్దెగది ముసలావిడ పిల్లిని గరిటెతో తరమడం, కృష్ణ ఒడ్డున గాలికి గొడుగు తిరగబడ్డ పంతులుగారు, భోజన హోటల్లో నాలుగోసారి సాంబారు అడిగినవాడి ముఖం. పూర్ణత్తయ్యకు పెళ్ళి కాకముందు అవి మా ఇంటికే వచ్చేవి. ఆమె బొమ్మ చూపించి, అందులో మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో కల్పించి చెబుతుంటే నాన్న కూడా లెక్కలు ఆపి వినేవాడు. పెళ్ళయ్యాక ఉత్తరాలు చాట్రాయి దారి పట్టాయి.

నాయనమ్మకు ఫోటో అంటే గిట్టదు. పెట్టెలో పట్టి తీస్తే మనిషి ఆయువు తగ్గుతుందని ఆవిడ పట్టుదల. పెళ్ళిలో ఫోటో తీసేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసింది. "చేత్తో గీస్తే బొమ్మ. పెట్టెతో తీస్తే ప్రాణం" అనేది. ఆయువు కాపాడుకున్న కూతురు కాపురానికి వెళ్ళిన మూడో ఏడు విషజ్వరంతో పోయింది. కబురు అందేసరికే అయిపోయింది. నాయనమ్మ ఆఖరి చూపుకు కూడా అందుకోలేదు. మైల పోయాక మామయ్య వచ్చి బాబాయి రాసిన ఉత్తరాల కట్ట నాయనమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. వాటిలో ఒకదానిలో పూర్ణత్తయ్య ఉంది. బాబాయి ఎప్పుడో చాట్రాయి వెళ్ళొచ్చి, జ్ఞాపకం మీద ఆమె ముఖమే వేసి, "ఇంత చిక్కిపోయావేమే?" అని కింద రాసి పంపాడట. లోకంలో ఆమె ముఖం మిగిలింది ఆ అరచేతి మేర కాగితం మీదే.

నాయనమ్మ ఆ కాగితాన్ని పట్టుకుని నెలల తరబడి కూర్చుంది. ఆవిడకు కావలసింది ఒక్కటే, అత్తవారింట్లో కూతురు సుఖపడిందా లేదా. దానికి జవాబు ఆ పెదాల దగ్గర వెతుక్కునేది. "నవ్వుతోందంటావా, ఏడుపు బిగబట్టుకుందంటావా?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేది. పాలవాడిని కూడా అడిగింది. ఒకరు నవ్వంటే ఒకరు దిగులనేవారు. ఆవిడ తలాడించి, బొటనవేలితో ఆ పెదాలు నిమిరి, మళ్ళీ దిండు కింద పెట్టుకునేది. అన్నం సగం పెట్టుకుని సగం వదిలేసేది. కొట్టులోకి వెళ్ళడం మానేసింది. ఆ ఏడు మా కాయ సగం కుళ్ళింది, అయినా నాన్న పల్లెత్తు మాట అనలేదు.

ఏడాది తిరిగాక మామయ్యకు మళ్ళీ పెళ్ళి కుదిరింది. ముత్తైదువుగా పోయిన ఇల్లాలిని మా వైపు పేరంటాలుగా నిలుపుకుంటారు. తర్వాత వచ్చే భార్య కొత్త చీర ఏది కొన్నా ముందు ఆవిడకు పెట్టి, పసుపుకుంకుమ ఇచ్చి, అప్పుడు తను కట్టుకోవాలి. "ముఖం లేకుండా ఎవరికి పెట్టమంటారు? ఆ బొమ్మ ఇప్పించండి" అని మామయ్య తల్లి కబురు పెట్టింది. మామయ్య తనే వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "నేను ఇవ్వను నాయనా. మీకు ఇంకో ఇల్లాలు వస్తుంది. నాకు ఇంకో కూతురు రాదు" అంది నాయనమ్మ. నాన్న మెల్లగా, కాగితాన్ని ఫోటో తీయిద్దామా అన్నాడు. "పోయినదాన్ని మళ్ళీ చంపుతారట్రా?" అని ఆవిడ అరిచిన అరుపుకు ఇంకెవరూ నోరెత్తలేదు. బాబాయి అదే ముఖాన్ని వేరే కాగితం మీద ఎన్నోసార్లు వేసి చూశాడు. ముక్కు కుదిరితే కన్ను కుదరదు. "ఎవరీ పిల్ల?" అని నాయనమ్మ ఒక్కొక్కటే వెనక్కి ఇచ్చేసింది. ఆఖరికి ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, "అమ్మా, ఆ కాగితాన్నే రాయికి ఎక్కిస్తాను. ఇద్దరికీ చెరొకటి వస్తుంది. కానీ కాగితం మిగలదు" అన్నాడు. "ఎక్కకపోతే?" అంది. బాబాయి చెయ్యి చాచాడు. ఆవిడ దిండు కింద నుంచి కాగితం తీసి ఆ చేతిలో పెట్టింది.

నేను కొట్టులో ఎందుకున్నానంటే నాయనమ్మ పంపింది. "నేను చూడలేనే. నువ్వు దగ్గరుండి చూడు" అని తను గుమ్మం బయట, ఇటు వీపు పెట్టి కూర్చుంది. సిరా ఎండిపోయి ఉంటుందేమోనని బాబాయి రాయిని కుంపటి సెగన వెచ్చబెట్టాడు. కాగితాన్ని వెనకవైపు తడిపి, రాయి మీద బోర్లా పరిచి, ప్రెస్సు కిందకు తోశాడు. తర్వాత స్పాంజితో తడుపుతూ తడుపుతూ గోటి కొసతో కాగితం అంచు లేపాడు. అది పాలమీగడలా ఊడి వచ్చి బేసిన్లో పడింది. దాని మీద ఇంకేం లేదు. "ఇంత చిక్కిపోయావేమే" కూడా లేదు. జిగురు పట్టించి, కడిగి, రోలరు తిప్పడం మొదలుపెట్టాడు. ముందు పాపిట కనపడింది. తర్వాత కనుబొమలు, కళ్ళు. నిజం చెబుతున్నాను, ఆ కళ్ళు రాయిలోంచి తెరుచుకున్నట్టే అనిపించి నేను గోడకు అంటుకుపోయాను. ముక్కు, ముక్కుపుడక వచ్చాయి. ఆ కింద, నోరు ఉండాల్సిన చోట, కోడిగుడ్డంత నల్లటి మచ్చ వచ్చింది. రోలరు తిప్పినకొద్దీ మచ్చ ముదిరింది. బాబాయి వంగి చూశాడు. మచ్చలో సన్నటి గీతలు, సుడి తిరిగి ఉన్నాయి.

"అమ్మ వేలు" అన్నాడు బాబాయి. బయట ఉన్న ఆవిడకు వినపడకుండా, పెదాలు మాత్రం కదిపి. నెలల తరబడి నిమిరిన నూనె వేలు. రాయి దాన్ని కూడా బొమ్మే అనుకుని పట్టుకుంది, ఆ జిడ్డు కింద అసలు పెదాలు మునిగిపోయాయి. అరిచేవాళ్ళ నోరు చేత్తో మూసినట్టుంది ఆ ముఖం. బయటనుంచి నాయనమ్మ "వచ్చిందట్రా?" అంది. "వచ్చిందమ్మా. ఆరాలి, ఇప్పుడే రాకు" అన్నాడు. సన్నటి కత్తితో మచ్చను గీకాడు, రాతిపొడి ఊదాడు, మళ్ళీ గీకాడు. నోరు ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ మిగిలింది. కలం సిరాలో ముంచి దాని మీద పెట్టబోయి ఆగిపోయాడు. మళ్ళీ పెట్టబోయాడు. "నాకు గుర్తు రావడం లేదే" అన్నాడు నాతో. అంత పెద్దమనిషి నా ముందు అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. తర్వాత నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. "మేనకోడలివి కదే. ఆ పోలిక ఎంతోకొంత ఉంటుంది. ఏదీ, ఒక్కసారి నవ్వు" అన్నాడు. ఎదుట మనిషి ఏడుస్తూ నవ్వమంటే నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? అయినా ఆయన ఏడుపు మానాలని నవ్వాను. నా పెదవి ఎడమ పక్క కొంచెం పైకి లేస్తుంది. ఆయన దాన్ని రాయి మీద తిరగేసి గీశాడు, అచ్చులో తిన్నగా వచ్చింది. పూర్ణత్తయ్య కళ్ళ కింద నా నోరు నవ్వుతోంది.

అచ్చు చేతికి ఇవ్వగానే నాయనమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుంది. "నవ్వుతోందిరా!" అంది. "చూడు, ఎంత చక్కగా నవ్వుతోందో! నేనే పిచ్చిదాన్ని, చూపు ఆనక దిగులనుకున్నాను. నా పిల్ల అక్కడ బాగానే ఉందిరా" అని వలవలా ఏడ్చింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది. మర్నాడు కొట్టులోకి వెళ్ళి గడ్డిలో చెయ్యి పెట్టింది. ఇంకేం కావాలి? బాబాయి రెండో అచ్చు చాట్రాయికి కట్టి, ఆ సాయంత్రమే ఇసక పోసి రాయిని అరగదీశాడు. రాయి మీద రాయి తిరుగుతున్న ఆ గరగర నాకు ఇప్పటికీ ఒక్కోసారి వినిపిస్తుంది, మిక్సీ ఆపు చేశాక కూడా. ఆయన ఆ తర్వాత మనుషుల ముఖాలు వేయలేదు. లేబుళ్ళ మీద పండు, ఆకు, మహా అయితే ఒక చిలక. ఉత్తరాలు రాయాల్సి వస్తే పోస్టుకార్డు మీద ముక్తసరిగా రాసేవాడు.

నేను మాత్రం అంత తేలిగ్గా బయటపడలేదు. చాట్రాయి పెళ్ళికి వెళ్ళొచ్చిన కొన్నాళ్ళకు దొడ్డిలో పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ దేనికో పగలబడి నవ్వాను. నాయనమ్మ నూనె గిన్నెతో వస్తూ మెట్ల మీద ఆగిపోయింది. చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత దగ్గరకొచ్చి, కోప్పడలేదు, కసరలేదు, మెత్తగా నా నోటిమీద అరచెయ్యి పెట్టింది. "అలా నవ్వకే తల్లీ" అంది. ఆవిడకు తెలిసిపోయిందా? తెలిసి కూడా తెలియనట్టు ఉండిపోయిందా? పోయేదాకా ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటినుంచి నవ్వు వస్తే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళడం అలవాటైపోయింది. నా పెళ్ళి ఫోటోల్లో కూడా నోరు మూసుకునే ఉన్నాను. ఇవాళ్టి పిల్లలకు ఒక్క ముఖం పోతే ఫోనులో వెయ్యి ముఖాలు ఉంటాయి. మంచిదే. అసూయగానే ఉంది నాకు. మాకు ఒక్కటే ఉండేది, దాన్నీ ముట్టుకుని ముట్టుకుని పోగొట్టుకున్నాం.

చాట్రాయిలో చిన్నత్తయ్య వసారాలో మంచం వాల్చుకుని నా కోసం చూస్తోంది. బాగా చిక్కింది. మామయ్య పోయాక ఆ ఇంట్లో మాట్లాడే మనిషి తక్కువ. మజ్జిగ ఇప్పించి, తాగేదాకా ఊరుకుని, నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. బొమ్మకు చామంతి దండ, కింద మడత విప్పని చీర. అంచులు పసుపుబారినా ముఖం చెక్కుచెదరలేదు. ఆ ముఖం ముందు నిలబడ్డప్పుడల్లా నా చెయ్యి దానంతటది నోటికి అడ్డం వెళ్తుంది. ఆ రోజూ అంతే. చిన్నత్తయ్య పీట మీద కూర్చుని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఆ నవ్వు నీదే కదూ?" అంది.

ఎవరు చెప్పారు అన్నాను.

"ఒకరు చెప్పాలా ఏంటి? నా పెళ్ళి పందిట్లో నీ చేతికి బూరె ఇస్తే నవ్వావు. అప్పుడే ఆవిడకి చీర పెట్టి వచ్చాను. ఇదేంటి, పటంలో మనిషి పందిట్లో తిరుగుతోంది అని హడలిపోయాను."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారీ అడగలేదేం అత్తయ్యా?"

"ఏమని అడగను? ఈ ఇంట్లోకొచ్చిన రోజు అందరూ నన్ను ఆవిడతో పోల్చి చూసేవాళ్ళే. ఆవిడ ఇలా నడిచేది కాదు, ఆవిడ పప్పు ఇలా వండేది కాదు. నన్ను చూసి నవ్వింది ఆ పటం ఒక్కటే. చీర పెట్టినప్పుడల్లా, కట్టుకోవే అన్నట్టు నవ్వేది. ఆ నవ్వు ఎవరిదైతే నాకేం అనుకున్నాను." ఆవిడ పటం కింది చీర మడత సర్దింది. "ఇప్పుడలా కాదమ్మాయీ. ఇంక ఎన్నాళ్ళో ఉండను. వెళ్ళేది ఆవిడ దగ్గరికే కదా. అక్కడ మనిషిని గుర్తుపట్టొద్దూ? నీ నోరు చూసుకుని వెళ్తే ఎలా తెలుస్తుంది? ఆవిడ నోరు ఎలా ఉండేదో చెప్పు. అందుకే పిలిచాను."

కళ్ళు మూసుకున్నాను. పూర్ణత్తయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉత్తరంలో బొమ్మలు చదివి చెప్పిన గొంతు వచ్చింది. పిల్లిని తరిమే ముసలావిడలా గరిటె ఊపిన చెయ్యి వచ్చింది. జడలో మరువం వాసన వచ్చింది. గొంతు వచ్చాక పెదాలు రావాలి కదా, వస్తాయి వస్తాయని చూశాను. వచ్చినవి నావే. చెరిపేసి మళ్ళీ చూశాను, మళ్ళీ నావే వచ్చాయి. అబద్ధం ఏదో ఒకటి చెప్పి ఆవిడను ఊరడిద్దామా అనుకున్నాను కానీ, ఆ పటం ఎదురుగా నోరు పెగల్లేదు.

"నాకు గుర్తు లేదు అత్తయ్యా" అని ఏడ్చేశాను.

ఆవిడ నా ముఖం తన కొంగుతో తుడిచింది. పటం వంక తిరిగింది.

"కళ్ళు ఆవిడవే కదా?" అంది.

"ఆవిడవే. వాటి మీద ఎవరి చెయ్యీ పడలేదు."

"అయితే ఇంకేం. ఇన్నేళ్ళూ ఆవిడ నన్ను చూస్తూనే ఉంది. నేను పోల్చుకోలేకపోయినా, ఆవిడే నన్ను గుర్తుపడుతుందిలే."